మ్యూజియం మెట్లు కడిగిన కళాకారిణి

పని లేదంటామా?

"మీరేం పని చేస్తారు?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది ఏమంటాం? "పనేం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంటాం.

నిజంగా పని లేదా? తెల్లారక ముందే లేస్తాం. వాకిలి ఊడుస్తాం. కళ్ళాపి చల్లుతాం. అంట్లు తోముతాం. నీళ్ళు పట్టుకొస్తాం. వంట చేస్తాం. పిల్లలకు పోసి, తినిపించి బడికి పంపుతాం. బట్టలు ఉతుకుతాం. ఇందులో చాలా పనులు సాయంత్రానికి మళ్ళీ మొదటికొస్తాయి. తోమిన గిన్నె మళ్ళీ అంటవుతుంది. ఊడ్చిన వాకిట్లో మళ్ళీ ఆకులు రాలతాయి.

ఈ పని లెక్కలోకి రాదు. 2011 జనాభా లెక్కల్లో, ఇంటి పని మాత్రమే చేసే ఆడవాళ్ళను పని చేయనివాళ్ళ కిందే రాశారు. కానీ 2019లో ప్రభుత్వం ఇంకో లెక్క తీసింది. ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో అడిగింది. దేశంలో ఇంటి పని చేసే ఆడవాళ్ళు ఆ పనికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే దాదాపు 5 గంటలు. ఇంటి పనిలో చెయ్యి వేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అంటే గంటన్నర పైచిలుకు.

రోజుకు 5 గంటలు చేసేది పని కాకపోతే మరేమిటి?

ఈ ప్రశ్నను ఒక అమెరికా ఆమె అడిగింది. ఆమె కళాకారిణి. ఇద్దరు ముగ్గురి మధ్య అడిగి ఊరుకోలేదు. పెద్ద పెద్ద మ్యూజియంలకు వెళ్ళి, అక్కడ నేల కడిగి మరీ అడిగింది. ఆమె పేరు మీర్ల్ యూకలీస్. ఆమె ఏం చేసిందో, ఎందుకు చేసిందో తెలుసుకుందాం.

మ్యూజియంలో దుమ్ము తుడిచేది ఎవరు?

మ్యూజియం అంటే అపురూపమైన వస్తువులను దాచి, అందరికీ చూపించే చోటు. పాత విగ్రహాలు, రంగుల బొమ్మలు, రాజుల కత్తులు, నగలు అక్కడ ఉంటాయి. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. 1951లో దాన్ని జనం కోసం తెరిచారు. అక్కడ ముసుగు వేసుకున్న అమ్మాయి పాలరాతి బొమ్మ ఒకటి ఉంది. రాతిలో చెక్కిన ముసుగు పల్చటి గుడ్డలాగే కనిపిస్తుంది. చూసినవాళ్ళు "ఎంత బాగా చెక్కారో!" అంటారు.

నిజమే, చెక్కినవాళ్ళది గొప్ప పనితనం. అయితే ఒక్క సంగతి ఆలోచించండి. తెల్లటి రాయి మీద దుమ్ము పడదా? పడుతుంది. రోజూ వందల మంది నడిచే గదులు మాయవా? మాస్తాయి. బొమ్మ చెక్కడం ఒక్కసారే. దాన్ని శుభ్రంగా ఉంచడం మాత్రం ఎప్పటికీ ఆగని పని. చెక్కినవారి పేరు బొమ్మ పక్కన రాస్తారు. నేల తుడిచినవారి పేరు ఎక్కడా రాయరు.

మన వాకిలినే తీసుకోండి. ముగ్గు చూసి "బాగా వేశావే!" అంటారు. కళ్ళాపి చూసి ఎవరైనా మెచ్చుకుంటారా? ఊడ్చి, కళ్ళాపి చల్లకపోతే ముగ్గు ఎక్కడ నిలుస్తుంది? ముగ్గు కళ అయింది. కళ్ళాపి ఉత్త పని అయింది.

మీర్ల్ అడిగింది సరిగ్గా ఇదే.

చంకలో బిడ్డ, మనసులో బొమ్మలు

మీర్ల్ 1939లో అమెరికాలోని డెన్వర్ అనే ఊళ్ళో పుట్టింది. న్యూయార్కులో చదువుకుంది. కళాకారిణి కావాలన్నది ఆమె కోరిక. పెళ్ళయింది. 1968లో మొదటి బిడ్డ పుట్టింది.

అప్పటిదాకా కళాకారులంటే ఎవరికీ కట్టుబడని వాళ్ళని అనుకునేది. ఇష్టం వచ్చినప్పుడు బొమ్మ వేయవచ్చు. ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళవచ్చు. బిడ్డ పుట్టాక అలా కుదరదు కదా! బిడ్డ ఏడిస్తే లేవాలి. పాలు పట్టాలి. గుడ్డలు మార్చాలి. ఉతకాలి. మళ్ళీ మార్చాలి. రోజులో సగం కళకు, సగం ఇంటికి పంచుకుని నలిగిపోయింది. బిడ్డ మీద ప్రేమ ఉంది. కళ మీదా ప్రేమ ఉంది. రెండు పనులూ ఒక్క మనిషే చేస్తోంది. కానీ లోకం ఆ మనిషిని రెండుగా చీల్చి చూస్తోంది. కళాకారిణిగా పని చేస్తే గౌరవం. తల్లిగా పని చేస్తే ఎవరికీ పట్టదు.

1969 అక్టోబరులో ఒకరోజు ఆమె కూర్చుని నాలుగు పేజీల ప్రకటన రాసింది. అందులో లోకంలోని పనులను రెండు రకాలుగా చెప్పింది. ఒకటి, కొత్తది చేసే పని. రెండోది, ఉన్నదాన్ని నిలబెట్టే పని. ఇల్లు కట్టడం మొదటి రకం. ఆ ఇంటిని రోజూ ఊడ్చి, అలికి, కురిస్తే కప్పు బాగు చేసుకోవడం రెండో రకం. బిడ్డను కనడం ఒకనాటి సంగతి. పెంచడం ఏళ్ళ తరబడి పని.

మొదటి రకం పనికి పేరు వస్తుంది. రెండో రకం పని విసుగు పుట్టిస్తుంది, ఆమె ఆ మాట దాచలేదు. దానికి జీతం తక్కువ, లేదంటే అసలే ఉండదు. కానీ అది ఆగితే మొదటి రకం పని కూడా నిలవదు.

అందుకని ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. "నేను కళాకారిణిని. కాబట్టి నేను దేన్ని కళ అంటే అది కళ. ఇకనుంచి నేను ఊడ్చడం, కడగడం, వండడం అన్నీ కళే" అన్నట్టుగా తేల్చేసింది.

కాపురం మ్యూజియంలోనే పెడతానంది

ఆ నాలుగు పేజీల్లో ఒక ప్రదర్శన గురించి కూడా రాసింది. ఆ ప్రదర్శనకు ఆమె పెట్టిన పేరుకు అర్థం "ఆలన". అందులో మూడు భాగాలున్నాయి.

మొదటి భాగంలో, ప్రదర్శన జరిగినన్నాళ్ళూ భర్తతో, బిడ్డతో మ్యూజియంలోనే ఉంటానంది. ఇంట్లో చేసే పనులన్నీ అక్కడే చేస్తానంది. ఊడుస్తుంది, నేల తుడుస్తుంది, వండుతుంది, వచ్చినవాళ్ళకు పెడుతుంది. మ్యూజియం గోడలకు బొమ్మలేమీ ఉండవు. ఆమె పనే బొమ్మ.

రెండో భాగంలో, రకరకాల పనులు చేసేవాళ్ళను పలకరించాలి. చెత్త ఎత్తేవాళ్ళు, పనిమనుషులు, నర్సులు, టీచర్లు మొదలుకొని నగర మేయర్ దాకా అందరినీ అడగాలి. మీరు రోజూ ఏ పని నిలబెడుతున్నారు? మీ కలలకూ ఆ పనికీ ఏమిటి సంబంధం? ఇలాంటి ప్రశ్నలు వేయాలి.

మూడో భాగంలో, రోజూ ఒక చెత్త బండి లోని చెత్త, మురికి గాలి, మురికి నది నీళ్ళు, పాడైన మట్టి మ్యూజియంకు తేవాలి. వాటిని అక్కడే శుభ్రం చేయాలి. ఇంటిని కాపాడుకున్నట్టే భూమిని కూడా కాపాడుకోవాలని దీని భావం.

ఈ ప్రతిపాదనను ఆమె న్యూయార్కులోని విట్నీ మ్యూజియంకు పంపింది. వాళ్ళు ఒప్పుకోలేదు. ఆమె అనుకున్నట్టుగా ఆ ప్రదర్శన జరగలేదు. కానీ 1971లో ఒక కళల పత్రికలో ఆ ప్రకటన గురించి వచ్చింది. నలుగురికీ తెలిసింది.

మెట్ల మీద బకెట్టు

1973లో అవకాశం వచ్చింది. లూసీ లిపార్డ్ అనే రచయిత్రి ఆడ కళాకారుల పనులతోనే ఒక ప్రదర్శన పెట్టింది. అది ఊరూరా తిరుగుతూ హార్ట్‌ఫర్డ్ అనే ఊరికి వచ్చింది. అక్కడ వాడ్స్‌వర్త్ మ్యూజియం ఉంది. 1842లో పుట్టిన ఆ మ్యూజియం అమెరికాలో చాలా పాతది.

జులై నెల. మ్యూజియం ముందు రాతి మెట్లు. మీర్ల్ బకెట్టు, నీళ్ళు తెచ్చుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు కడగడం మొదలుపెట్టింది. చేతిలో గుడ్డ ఏమిటనుకున్నారు? పసిబిడ్డలకు కట్టే గుడ్డ! జనం వస్తున్నారు, పోతున్నారు. కడిగిన చోట అడుగుల ముద్రలు పడుతున్నాయి. ఆమె మళ్ళీ కడుగుతోంది. మళ్ళీ ముద్రలు. మళ్ళీ కడగడం. ఇలా గంటల తరబడి చేసింది. తర్వాత లోపలికి వెళ్ళి, బొమ్మలున్న గదుల్లో నేలను కూడా అలాగే కడిగింది.

చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు. ఆ నేలను ఎవరో ఒకరు రోజూ కడుగుతూనే ఉన్నారు. మ్యూజియం తెరవకముందో, మూసేశాకో కడుగుతారు. ఎవరికీ కనిపించరు. కనిపించకుండా చేసే పనిని మీర్ల్ పట్టపగలు, అందరి కళ్ళ ముందు చేసింది. అంతే తేడా.

అదే మ్యూజియంలో ఇంకొకటి చేసి చూపించింది. అక్కడ గాజుపెట్టెలో వేల ఏళ్ళ నాటి ఈజిప్టు మమ్మీ ఉంది. అంటే మందులు పూసి, గుడ్డలు చుట్టి దాచిన శవం. ఆ గాజుపెట్టెను రోజూ శుభ్రం చేసే ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. ముందు ఆయన గాజును తుడిచాడు. తర్వాత మీర్ల్ అదే గాజును తుడిచింది. తుడిచి, "ఇది కళాఖండం" అని ముద్ర వేసింది. ఇప్పుడేమైంది? కళాఖండాన్ని ముట్టుకునే హక్కు మామూలు ఉద్యోగికి లేదు. మ్యూజియంలో వస్తువులను కాపాడే నిపుణుడు మాత్రమే ముట్టుకోవాలి. దాంతో ఆ నిపుణుడే వచ్చి గాజు తుడవాల్సి వచ్చింది!

గాజు అదే. తుడుపూ అదే. ఒకరు తుడిస్తే ఊడిగం. ఒకరు తుడిస్తే కళ. ఇంకొకరు తుడిస్తే విద్య. పని మారలేదు. పని చేసిన మనిషి హోదా మారింది. పనికి విలువ కట్టే తీరులో ఉన్న మర్మం ఇదే. మీర్ల్ దాన్ని ఉపన్యాసం చెప్పి కాదు, గుడ్డతో తుడిచి చూపించింది.

ఇంకోరోజు కాపలాదారుల దగ్గర తాళంచెవులు తీసుకుంది. గదులకు తాళాలు వేస్తూ, తీస్తూ తిరిగింది. పైఅధికారుల గదులనూ వదల్లేదు. లోపల ఇరుక్కుపోతామని కొందరు కంగారు పడ్డారు. రోజూ తాళాలు వేసి తీసే కాపలాదారుణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఆ తాళంచెవి చేతిలో ఎంత బలం ఉందో ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

మూడు వందల మంది, ఒక్క గంట

ఇప్పటిదాకా మీర్ల్ ఒక్కతే కడిగింది. 1976లో తోటివాళ్ళను కలుపుకుంది.

ఒకప్పుడు కాదన్న విట్నీ మ్యూజియంకే న్యూయార్కులో ఒక శాఖ ఉండేది. అది ఒక పెద్ద ఆఫీసు భవనంలో ఉండేది. ఆ భవనాన్ని శుభ్రం చేయడానికి, కాపలా కాయడానికి, లిఫ్టులు నడపడానికి 300 మంది పని చేసేవాళ్ళు. కొందరిది పగటి డ్యూటీ. కొందరిది రాత్రి డ్యూటీ. ఒకే భవనంలో మ్యూజియం ఉన్నా, దానికీ వీళ్ళకూ పొత్తు లేదు.

మీర్ల్ వాళ్ళందరికీ ఉత్తరాలు రాసింది. మీ డ్యూటీలో ఏదో ఒక గంటను కళ అని అనుకోండి, పని మాత్రం ఎప్పుడూ చేసేదే చేయండి అని కోరింది. సెప్టెంబరు నుంచి అక్టోబరు దాకా ఐదు వారాలు రాత్రీ పగలూ ఆ భవనంలో తిరిగింది. పని చేస్తున్న వాళ్ళకు ఫొటోలు తీసింది. అప్పటికప్పుడే చేతికొచ్చే ఫొటోలవి. ఫొటో చూపించి, "ఇప్పుడు మీరు చేస్తున్నది కళా, పనా?" అని అడిగేది. వాళ్ళు ఏది చెబితే అది ఫొటో కింద రాసేది. ఒకే రకం పని చేస్తూ ఒకరు "కళ" అన్నారు, ఇంకొకరు "పని" అన్నారు. ఆమె ఎవరినీ కాదనలేదు. తమ పనికి పేరు పెట్టే హక్కు వాళ్ళదే కదా!

అలా 720 ఫొటోలు మ్యూజియం గోడ ఎక్కాయి. ఆ భవనంలో నేల తుడిచే మనిషి మ్యూజియంలోకి వచ్చి గోడ మీద తన బొమ్మ చూసుకోవచ్చు. మ్యూజియం తన ఇరుగుపొరుగును గుర్తించడం అంటే ఇదీ.

జీతం లేని కొలువు

ఆ రోజుల్లో న్యూయార్కు నగరం దివాలా అంచున ఉంది. 1975లో వేలాది ఉద్యోగులను తీసేశారు. చెత్త ఎత్తేవాళ్ళను కూడా తీసేశారు. మీర్ల్ ప్రదర్శన చూసి ఒక పత్రికలో ఒకాయన హాస్యంగా రాశాడు. చెత్త ఎత్తే శాఖ కూడా తన పనిని కళ అని చెప్పుకుంటే, కళలకు ఇచ్చే డబ్బులు అడగవచ్చు కదా అన్నట్టు రాశాడు.

మీర్ల్ దాన్ని హాస్యంగా తీసుకోలేదు. ఆ కాగితం ముక్కను పారిశుధ్య శాఖ అధికారికి పంపింది. వాళ్ళు పిలిచారు. 300 మందితో కాదు, 10 వేల మందితో కలిసి కళ చేస్తారా అని అడిగారు. ఆమె వెంటనే ఒప్పుకుంది.

కళాకారులను ఒక సంస్థ కొంతకాలం తన దగ్గర ఉంచుకుని, పని చేసుకునే చోటు ఇవ్వడాన్ని రెసిడెన్సీ అంటారు. మ్యూజియంలు, కళాశాలలు ఇలా కళాకారులను పిలుస్తాయి. చెత్త శాఖలో రెసిడెన్సీ అంటే అప్పటికి వింతే. 1977లో మీర్ల్ ఆ శాఖకు ఆస్థాన కళాకారిణి అయింది. జీతం లేదు. పని చేసుకునే చోటు ఇచ్చారు. వేరేచోట్ల కళాకారులు నెలో, ఏడాదో ఉండి వెళతారు. ఈమె దశాబ్దాల పాటు ఉండిపోయింది.

ఎనిమిదిన్నర వేల చేతులు

ముందు ఏం చేయాలి? పనివాళ్ళను తెలుసుకోవాలి అనుకుంది. వాళ్ళను తెలుసుకోవాలంటే వాళ్ళున్న చోటికే వెళ్ళాలి.

1979 జులై 24న మొదలుపెట్టింది. తెల్లవారుజామున పనివాళ్ళు హాజరు వేయించుకునే వేళకు వెళ్ళేది. బండ్ల వెంట వీధుల్లో నడిచేది. చెత్త దింపే రేవులకు, గుట్టలకు వెళ్ళేది. డబ్బా ఎత్తి బండిలో వేసేటప్పుడు వాళ్ళ నడుము ఎలా వంగుతుందో, చెయ్యి ఎలా తిరుగుతుందో చూసి, తానూ అలాగే చేసి చూపేది. ఆ పనికి కూడా ఒక లయ ఉందని అందరికీ తెలియాలని!

ప్రతి ఒక్కరికీ ఎదురుగా నిలబడి చెయ్యి కలిపేది. న్యూయార్కును బతికి ఉంచుతున్నందుకు మీకు కృతజ్ఞతలు అని చెప్పేది. ఒకరు కాదు, పది మంది కాదు. 8,500 మంది! ఊరంతా ఒక్క వాడ కూడా వదలకుండా తిరిగింది. 1980 జూన్ 26 దాకా పట్టింది. అంటే 11 నెలలు. అప్పుడు ఆ పనిలో అందరూ మగవాళ్ళే. న్యూయార్కులో ఆడవాళ్ళను చెత్త బండ్ల పనిలోకి తీసుకున్నది 1986లోనే.

చెయ్యి కలపడంలో ఏముంది అనిపించవచ్చు. మన ఊళ్ళు గుర్తు తెచ్చుకుందాం. చీపురు పట్టిన చేతిని ముట్టుకోని వాళ్ళు మన మధ్య లేరా? గ్లాసు వేరే పెట్టినవాళ్ళు లేరా? మన దేశంలో ఊడ్చే పని, ఎత్తే పని కొన్ని కులాల మీదే పడింది. మలాన్ని చేతులతో ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. చెయ్యి కలపడమంటే "నువ్వూ నేనూ సమానం" అని చెప్పడమే.

చెడ్డ పేర్లు కడిగేశారు

11 నెలల్లో మీర్ల్ తను మాట్లాడింది తక్కువ. విన్నది ఎక్కువ. జనం తమను ఎన్ని రకాలుగా తిట్టారో పనివాళ్ళు చెప్పారు. ఎప్పుడో అన్న మాట ఏళ్ళు గడిచినా కొందరి గుండెల్లో ముల్లులా ఉంది. చెత్త చేసింది జనం. ఎత్తింది వీళ్ళు. వాసన మాత్రం వీళ్ళకు అంటగట్టారు.

1984లో ఆమె న్యూయార్కులో ఒక పెద్ద ప్రదర్శన పెట్టింది. పనివాళ్ళు పడ్డ తిట్లన్నీ ఒక గ్యాలరీ అద్దాల మీద రాయించింది. తర్వాత నగరంలో రకరకాల వాళ్ళను పిలిచి, ఆ తిట్లను వాళ్ళ చేతులతోనే కడిగించింది. పనివాళ్ళు చూస్తుండగా ఊరివాళ్ళు ఊరి తప్పును కడిగారు. అదే ప్రదర్శనలో పనివాళ్ళు కూర్చునే గది ఎలా ఉంటుందో కూడా చూపించింది. ఇతరులు పారేసిన విరిగిన కుర్చీలు, పాత బల్లలే వాళ్ళు వాడుకునేవాళ్ళు.

అంతకు ముందు ఏడాది, 1983లో, ఒక చెత్త బండికి చుట్టూ అద్దాలు బిగించారు. అది ఊరేగింపులో వెళ్తుంటే దారిలో నిలబడ్డవాళ్ళ ముఖాలు అందులో కనిపించాయి. చెత్త బండిలో ఎవరి ముఖం? మన ముఖమే! ఆ చెత్త మనదే కదా.

మ్యూజియం పిలిచింది

ఒకప్పుడు ఒక మ్యూజియం కాదంది. 2016లో న్యూయార్కులోని క్వీన్స్ మ్యూజియం ఆమెను పిలిచింది. దాదాపు 50 ఏళ్ళ పనిని 2017 దాకా ప్రదర్శనగా పెట్టింది. ఆ మ్యూజియంలో న్యూయార్కు నగరమంతా చిన్న చిన్న ఇళ్ళుగా చేసిన పెద్ద నమూనా ఉంది. మీర్ల్ చెత్త బండ్ల వెంట తిరిగిన దారిని ఆ నమూనా మీద చిన్న దీపాలతో చూపించారు.

2020లో కరోనా వచ్చింది. అందరినీ ఇంట్లో ఉండమన్నారు. చెత్త ఎత్తేవాళ్ళు, ఆసుపత్రులు కడిగేవాళ్ళు, రైళ్ళు నడిపేవాళ్ళు మాత్రం బయటికి రాక తప్పలేదు. మన ఊళ్ళలోనూ అంతే కదా! అందరూ తలుపులు వేసుకుంటే వీధి ఊడ్చింది ఎవరు? ఆ ఏడాది సెప్టెంబరులో న్యూయార్కులో, క్వీన్స్ మ్యూజియం ముందుగోడ మీద, నడి బజారులోని పెద్ద తెర మీద, రైలు స్టేషన్లలో మీర్ల్ మాటలు కనిపించాయి. సేవ చేసే కార్మికులందరికీ కృతజ్ఞతలు చెప్పే మాటలవి. 40 ఏళ్ళ కింద ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి చెప్పిన మాటే. ఈసారి చేతులు కలపలేని రోగం వచ్చింది కాబట్టి గోడల మీద చెప్పింది.

మర్యాద ఒక్కటే చాలుతుందా?

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. చెయ్యి కలిపితే జీతం పెరుగుతుందా? "కళ" అని పేరు పెడితే నడుము నొప్పి తగ్గుతుందా?

తగ్గదు. 1968 ఫిబ్రవరిలో న్యూయార్కు చెత్త కార్మికులు జీతాల కోసం తొమ్మిది రోజులు సమ్మె చేశారు. వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాయి. వాళ్ళ పని విలువ ఊరికి అప్పుడు తెలిసింది. జీతం, చేతికి తొడుగు, కాలికి బూటు, సెలవు, విశ్రాంతి గది అన్నీ అడిగి, సంఘం కట్టి తెచ్చుకోవాల్సినవే. వాటికి బదులు పొగడ్త ఇస్తామంటే ఒప్పుకోకూడదు. మనల్ని "ఇంటికి దీపం ఇల్లాలు" అని పొగుడుతారు. దీపంలో నూనె ఎవరు పోస్తారన్నది ఎవరూ అడగరు!

మరి మీర్ల్ చేసినదాని వల్ల ఏం లాభం? కనిపించని పని కనిపించింది. కనిపించని దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టని దాన్ని ఎవరూ పంచుకోరు. దానికి ఎవరూ కూలి ఇవ్వరు. ముందు కనిపించాలి. ఆ తర్వాతే లెక్క, వాటా, కూలి.

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అని సామెత. ఇల్లు శుభ్రంగా లేకపోతే ఇల్లాలిని తప్పు పడతారు. శుభ్రంగా ఉంటే మాత్రం ఆ శుభ్రం వెనకున్న పని ఎవరికీ కనిపించదు. ఆ పనిని చూడడం ఇంట్లోవాళ్ళు నేర్చుకోవాలి. చూడడం నేర్చుకున్న మగపిల్లవాడు రేపు చీపురు పట్టడానికి సిగ్గుపడడు. తన కంచం తాను కడుక్కోవడం చిన్నతనం అనుకోడు.

మనం కూడా ఈసారి ఎవరైనా "మీరేం పని చేస్తారు?" అని అడిగితే "పనేం లేదు" అనకుండా ఉందాం. చేసేవి ఒక్కొక్కటీ పేరు పెట్టి చెబుదాం.

మాట్లాడుకుందాం

1. నిన్న పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా చేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కో దానికి ఎంత సేపు పట్టిందో పక్కన రాయండి. మొత్తం ఎన్ని గంటలైంది?

2. ఆ పనుల్లో కొత్తది చేసే పనులు ఏవి? ఉన్నదాన్ని నిలబెట్టే పనులు ఏవి?

3. గాజుపెట్టెను ముగ్గురు తుడిచారు. పని ఒకటే అయినా విలువ ఎందుకు మారింది? మీ ఊళ్ళో ఇలాంటిది ఏదైనా ఉందా? ఆడవాళ్ళు చేస్తే ఒక కూలి, మగవాళ్ళు చేస్తే ఇంకో కూలి ఉన్న పనులు చెప్పండి.

4. మీ వీధి ఊడ్చే ఆమె పేరు మీకు తెలుసా? ఆమెకు జీతం నెలనెలా అందుతోందా? చేతులకు తొడుగులు ఇస్తున్నారా? అడిగి తెలుసుకోండి. వచ్చే కూడికలో అందరికీ చెప్పండి.